పెళ్లి ఖర్చు మనది... హనీమూన్ కార్డుదా?

పెళ్లి కుదిరిన ఇళ్లలో ఈమధ్య కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. 'ఖర్చంతా నా కార్డు మీద పెట్టేద్దాం నాన్నా, వచ్చే పాయింట్లతో మా హనీమూన్ ఫ్రీగా అయిపోతుంది' అని. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, రాజాంలోనో నరసన్నపేటలోనో ఉన్న తండ్రితో అనే మాట ఇది. అప్పు అంటేనే ఆమడ దూరం జరిగే తండ్రికి ఇది ఓ పట్టాన బుర్రకెక్కదు. 'పాయింట్లేటమ్మా? నోట్లు లెక్కెట్టి బేరమాడితే షాపోడే రెండు వేలు తగ్గిస్తాడు కదేటి!' అంటాడు.

ఎవరి లెక్క రైటు? కాగితం, పెన్సిలు తీసుకుంటే తప్ప తేలదు.

నిజానికి కార్డు మన తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. (ఆ బ్యాంకే 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పటికీ మనవాళ్లు 'ఆంధ్రా బ్యాంకు వీధి' అంటూనే ఉంటారనుకోండి!) సరిగ్గా అదే 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు లెక్కగట్టి ఉచిత టికెట్లిచ్చే పథకం మొదలుపెట్టింది. తర్వాత కార్డూ మైళ్లూ వియ్యమందాయి. వాటికి పుట్టిన బిడ్డే ఇవాళ్టి రివార్డు పాయింటు.

అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు 'మా హనీమూన్‌కి హవాయి టికెట్లు పాయింట్లతోనే కొన్నాం' అంటే అది గొప్ప కాదు, నిజమే అయ్యుండొచ్చు. అక్కడ కొత్త కార్డు తీసుకుని మొదటి మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తే చాలు, వేల మైళ్లు ఒక్కసారే చేతిలో పెడతారు. దుకాణదారు దగ్గర కార్డు కంపెనీలు వసూలు చేసే రుసుమూ అక్కడ ఎక్కువే. అక్కడి లెక్కని తెచ్చి పాలకొండ పెళ్లికి అతికిస్తే అతకదు.

మన లెక్క చూద్దాం. పది లక్షల పెళ్లి అనుకోండి. బంగారం నాలుగు లక్షలు, బట్టలు లక్ష, మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటి సామానుకి లక్షన్నర, కళ్యాణమండపం, లైటింగు కలిపి లక్ష, భోజనాలు రెండు లక్షలు, మిగతావి యాభై వేలు. ఇందులో కార్డు గీకగలిగేది ఎంత? వంటవాళ్లు, సన్నాయి మేళం, పూలవాడు, పురోహితుడు... వీళ్లెవరూ మెషీన్ పెట్టుకుని కూర్చోరు. బట్టలు, సామాను, మండపంలో సగం. వెరసి మూడు లక్షలు.

మామూలు కార్డయితే వంద రూపాయలకి రెండు పాయింట్లు, నాలుగు పాయింట్లకి ఒక రూపాయి చొప్పున ఇస్తుందనుకుందాం. మూడు లక్షలకి ఆరు వేల పాయింట్లు. వినడానికి బాగుంది కదూ! రూపాయల్లోకి మారిస్తే పదిహేను వందలు. ఏడాదికింతని ఫీజు కట్టే పెద్ద కార్డులో రెండు శాతం గిట్టుబాటైనా ఆరు వేలు. మాల్దీవులు కాదు కదా, మాధవధార దాకా వెళ్లి రెండు రోజులు ఉండటానికీ చూసుకుని ఖర్చు పెట్టాలి.

'మరి బంగారం కూడా కార్డు మీద కొంటే?' అనొచ్చు. కొన్ని కార్డులు నగల కొనుగోలుకి అసలు పాయింట్లే ఇవ్వవు. ఇచ్చే కార్డే అనుకున్నా, కొందరు షాపువాళ్లు 'కార్డయితే రెండు శాతం అదనం' అంటారు. నాలుగు లక్షలకి ఎనిమిది వేలు ఎదురిచ్చి, రెండు వేల విలువైన పాయింట్లు తెచ్చుకున్నట్టు! బంగారానికి బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపడమే మేలు. 2017 ఏప్రిల్ నుంచి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు కూడా. ఇక ఫ్రిజ్ దగ్గర నాన్నగారు బేరమాడి రెండు వేలు తగ్గించారంటే, ఆ పూటకి పాయింట్ల మీద ఆయనే గెలిచినట్టు. కాకపోతే బిల్లు మాత్రం రాయించుకోవాలి. బిల్లు లేని బేరానికి రేపు కంప్రెసర్ పోతే గ్యారంటీ ఉండదు.

ఇంతవరకూ లాభం లెక్క. అసలు సంగతి రెండో వైపు ఉంది. మూడు లక్షల బిల్లు వచ్చింది. స్టేట్‌మెంట్‌లో ఓ మూల 'కనీసం కట్టాల్సింది' అని పదిహేను వేలు కనిపిస్తుంది. పెళ్లి హడావుడి, చేతిలో డబ్బు ఆడటం లేదు, ఆ పదిహేను వేలే కట్టేసి ఊపిరి పీల్చుకుంటారు. వడ్డీ మొదలయ్యేది అక్కడే. అదీ గడువు తేదీ నుంచి కాదు, చీర కొన్న రోజు నుంచి. అంతేకాదు, బాకీ తీరేదాకా కొత్తగా కొన్న ప్రతి వస్తువుకీ మొదటి రోజు నుంచే వడ్డీ. చాలా కార్డుల్లో అది నెలకి మూడున్నర శాతం చుట్టూ ఉంటుంది. మన ఊరి భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ! రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్నే ఊళ్లో అదోలా చూస్తాం. మూడు లక్షల మీద నెలకి పది వేల అయిదొందలు, దానిపై 18 శాతం జీఎస్టీ మరో 1,890. పాయింట్లలో వచ్చింది పదిహేను వందలు, ఒక్క నెలలో పోయేది దాదాపు పన్నెండు వేల నాలుగొందలు.

ఇంత వడ్డీ న్యాయమా అని కోర్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఏడాదికి 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. ఆ తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి ఈ విషయంలో మనల్ని కాపాడాల్సింది గోడమీద క్యాలెండరే.

మన జిల్లాల్లో చిక్కు ఇంకొకటుంది. పెళ్లి డబ్బు జీతంలా ఒకటో తారీఖున రాదు. ధాన్యం డబ్బు ఖాతాలో పడాలి, జీడిపిక్కల బేరం తేలాలి, చీటీ పాటలో పాడుకున్న సొమ్ము చేతికందాలి. వీటిలో ఏ ఒక్కటి పదిహేను రోజులు ఆలస్యమైనా కార్డు గడువు ఆగదు. పైగా కార్డు అమ్మాయిది, డబ్బు నాన్నది. 'వచ్చేవారం వేస్తాలేమ్మా' అన్న మాట నిలవకపోతే అత్తారింటికి వెళ్లేటప్పుడు సారెతోపాటు బాకీ కూడా వెళ్తుంది. పెళ్లయిన నెలకే 'ఈ అప్పేంటి?' అని మొగుడు అడిగితే ఆ పిల్ల పుట్టింటి గుట్టు విప్పాలా, దాచాలా? అందుకే ఒక్కటే పద్ధతి: డబ్బు ముందు అమ్మాయి ఖాతాలో పడాలి, తర్వాతే కార్డు గీకాలి. ఖాతాలో లేని రూపాయిని కార్డు మీద పెట్టకూడదు. ఇలా చేస్తే కార్డు పరిమితి తక్కువున్నా ఫర్వాలేదు, మధ్యమధ్యలో బిల్లు కట్టేస్తే మళ్లీ వాడుకోవచ్చు. చిన్న దుకాణాల్లోనూ రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకుని స్కాన్ చేసే వీలు 2022 నుంచి వచ్చింది.

పాయింట్లు ఎప్పుడొస్తాయో కూడా చూసుకోవాలి. చీరలు కొన్న రోజునే వచ్చి పడవు, సాధారణంగా బిల్లు తయారయ్యాకే. పెళ్లి మర్నాడే ప్రయాణమంటే టికెట్లు అంతకు ముందే కొనాలి కదా, అప్పటికి పెళ్లి పాయింట్లు పుట్టనే పుట్టవు. ఇక్కడ మన ఆషాఢం భలే అక్కరకొస్తుంది. జ్యేష్ఠంలో పెళ్లి, ఆషాఢంలో అమ్మాయి పుట్టింట్లో, శ్రావణంలో ప్రయాణం. రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచి ఇస్తారు (2024 నవంబరు దాకా 120 రోజులుండేది). పాయింట్లు చేరడం, టికెట్లు తీయడం తీరిగ్గా కుదురుతాయి. వానాకాలం కాబట్టి కేరళలాంటి చోట్ల హోటళ్ల ధరలూ దిగుతాయి.

అయితే శ్రావణం అన్నాను కదా అని ఏళ్ల తరబడి దాచకండి. చాలా కార్డుల్లో పాయింట్లకి గడువుంటుంది. 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయినప్పుడు, అందులో ఎగరాలని మైళ్లు కూడబెట్టినవాళ్లు వాటిని వేరేచోట వాడుకోవాల్సి వచ్చింది.

భోగాపురం విమానాశ్రయం మాట అలా ఉంచితే, ఈ రెండు జిల్లాలవాళ్లకి ప్రయాణమంటే ముందు గుర్తొచ్చేది రైలే. అందుకని రైలు టికెట్లకి పనికొచ్చే పాయింట్లు మనకి ఎక్కువ ఉపయోగం. ఐఆర్‌సీటీసీతో కలిసి ఎస్‌బీఐ కార్డు ఇచ్చేదాంట్లో ఒక పాయింటుకి ఒక రూపాయి విలువ, దాంతో టికెట్టే తీసుకోవచ్చు. ఏ కార్డయినా నిబంధనలు మారుతుంటాయి కనుక తీసుకునేముందు ఓసారి చదవండి. మన తాతమ్మల కాలంలో కొత్త జంట ప్రయాణమంటే అన్నవరం వ్రతం, సింహాచలం దర్శనం. ఆ తర్వాత మిగిలిన పాయింట్లకి సరిగ్గా సరిపోయేది అరకు. విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు కొత్తవలస దగ్గర మలుపు తిరిగి, ఎస్.కోట దాటి కొండెక్కుతుంది. ఆ లైన్లో మొత్తం 58 సొరంగాలు. 2017 నుంచి అద్దాల బోగీ కూడా వేశారు. వానాకాలంలో కొండచరియలు జారి రైలు ఆగిన రోజులున్నాయి కాబట్టి బయల్దేరేముందు కనుక్కోండి. అద్దాల బోగీలో సీట్లు కొన్నే ఉంటాయి, రిజర్వేషన్ తెరిచిన మొదటి రోజుల్లోనే తీయాలి. తిరుగు ప్రయాణం అనంతగిరి ఘాట్ మీదుగా బస్సులో చేస్తే ఎస్.కోటలో దిగొచ్చు, అక్కణ్నుంచి విజయనగరం దగ్గరే.