గుమ్మం నుంచి గుమ్మానికి

రెండూళ్ల మధ్య దూరం తెలుసుకోవాలంటే ఒక అట్లాసూ, ఒక స్కేలూ ఉంటే చాలునని అరవయ్యేళ్లుగా నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం కాస్తా లండన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉండగా పోయింది.

ప్యారిస్‌లో ఉన్న మా అమ్మాయికి పురుడు ఇంకా రెండు వారాలుందని నిశ్చింతగా ఉన్నాం. ఒకనాటి ఉదయం అల్లుడు ఫోను చేశాడు, నెప్పులు మొదలయ్యాయని. మా ఆవిడ అప్పుడే చెప్పులు తొడుక్కుంది.

"రైల్లో వెళ్లండి నాన్నగారూ" అన్నాడు మావాడు.

నాకు నవ్వొచ్చింది. లండన్‌కీ ప్యారిస్‌కీ ఆకాశమార్గాన సుమారు 350 కిలోమీటర్లు. విమానానికి గంటా ఇరవై నిమిషాలు. రైలుదారి సుమారు 490 కిలోమీటర్లు. అందులో 1994లో తెరిచిన సొరంగమే 50 కిలోమీటర్లు, దాన్లో 38 సముద్రం అడుగున! రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది.

"ఇంత తొందరలో రైలెక్కమంటావురా?" అని గద్దించాను.

"లెక్కలు తరవాత. పిల్ల పక్కన ఎన్నింటికి ఉంటానో అది చెప్పండి" అంది మా ఆవిడ.

గంటా ఇరవై నిమిషాలన్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఎనిమిదింటికి ఇల్లు కదిలాం. హీత్రూ చేరడానికి గంట. అక్కడ సోదాలూ, పడిగాపులూ రెండు గంటలు. విమానంలో గంటా ఇరవై. షార్ల్ ద గోల్‌లో దిగాక పాస్‌పోర్టుల వరసా, పెట్టెల కోసం ఎదురుచూపూ ముప్పావుగంట. ఆ విమానాశ్రయం ఊరికి పాతిక కిలోమీటర్ల దూరాన ఉంది. ఆస్పత్రికి మరో గంట. వెరసి ఆరు గంటల అయిదు నిమిషాలు. ప్యారిస్ గడియారం లండన్‌కంటె గంట ముందుంటుంది గనక, అక్కడ మూడు దాటింది.

బిడ్డ పుట్టి గంటయింది.

ఆస్పత్రి బల్లమీద కూచుని రైలు లెక్క వేశాను. స్టేషనుకి అరగంట, ముందుగా చేరవలసింది గంట, రైల్లో రెండు గంటల ఇరవై నిమిషాలు. ఫ్రెంచివాళ్ల పాస్‌పోర్టు తనిఖీ కూడా లండన్ స్టేషన్లోనే అయిపోతుంది. దిగేది ఊరి నడుమ. ఆస్పత్రికి అరగంట. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. గంటా ముప్పావు ముందే చేరి ఉండేవాళ్లం. అమ్మాయి బాధపడుతున్న వేళ తల్లి పక్కనుండేది.

మా ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మనవరాల్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఎంత పొడుగుందో స్కేలు పెట్టి చూడండి" అంది. అంతే.

మీ పిల్లలూ దూరదేశాల్లో ఉంటే, విమానం ఎంతసేపని అడక్కండి. ఈ గుమ్మం దిగి ఆ గుమ్మం ఎక్కడానికి ఎంతసేపని అడగండి.

నెల తరవాత రైల్లోనే తిరిగొచ్చాం. లండన్‌లో దిగి గడియారం చూస్తే, ప్యారిస్‌లో బయల్దేరి గంటా ఇరవై నిమిషాలే అయినట్టుంది! మా ఆవిడకి చూపించబోయి, ఎందుకొచ్చిన గొడవని చెయ్యి జేబులో పెట్టుకున్నాను.