రెండు చేతుల ఆట

ఒక వస్తువును పరీక్షింపక దాని మంచిచెడ్డలను నిర్ణయించుట వివేకము కాదు. వీడియో ఆటల విషయమున పెద్దలు పలువురు ఈ పొరపాటు చేయుచున్నారు. ‘ఎడతెగక కాల్చుట తప్ప అందు నేర్వదగిన దేమున్నది?’ అని వారి ప్రశ్న. దీనికి సమాధానము ‘జామెట్రీ వార్స్’ అను ఒక కాల్చెడి ఆటలోనే కలదు.

1982లో అమెరికాలో ‘రోబోట్రాన్ 2084’ అను ఆట వెలువడినది. యూజీన్ జార్విస్, లారీ డిమార్ అనువారు దానిని రూపొందించిరి. దానికి జాయ్‌స్టిక్ అను చేతిమీటలు రెండు. ఎడమచేతి మీటతో నడచుట, కుడిచేతి మీటతో కాల్చుట. ఒక దిక్కునకు పరుగెత్తుచు మరియొక దిక్కునకు కాల్చుట ఇందుచే సాధ్యమైనది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున బిజార్ క్రియేషన్స్ అను సంస్థ ఈ పద్ధతినే గైకొని జామెట్రీ వార్స్‌ను నిర్మించినది. స్టీఫెన్ కేక్‌బ్రెడ్ దాని కర్త. 2003లో అది ఒక కార్ల పందెపు ఆటలో దాచియుంచిన చిన్న వినోదము మాత్రమే. 2005లో స్వతంత్రముగా వెలువడి ప్రసిద్ధి కెక్కినది.

ఇందు కథ లేదు, మనుష్యులు లేరు, రక్తపాతము లేదు. నల్లని తెరపై గళ్ళ వల, దానిపై మెఱయు రేఖాగణిత రూపములు. నీలి సమచతుర్భుజము ఆటగాని వెంటబడును. ఆకుపచ్చ చతురస్రము గుండు రాకను గమనించి ప్రక్కకు తొలగును. ఎఱ్ఱని వృత్తము సమీపమునకు వచ్చిన వానినెల్ల తనవైపునకు లాగును. ప్రతి రూపమునకు ఒక స్వభావము కలదు. ఆ స్వభావము నెఱుగనివాడు ఎన్ని గుండ్లు కురిపించినను నిలువజాలడు.

క్రొత్తగా ఆడువాడు కుడిచేతినే నమ్మును. అన్ని దిక్కులకు గుండ్లు చల్లుచు, ఒక మూలకు చేరి, చుట్టుముట్టబడి ఓడును. అనుభవశాలి ఎడమచేతిని నమ్మును. చోటెక్కడ నున్నదో, మరుక్షణమున అది ఎటు మాఱునో కనిపెట్టుచుండును. కాల్చుట అతనికి దారి చేసికొనుటకు మాత్రమే.

ఈ సంగతి ఆటను నిర్మించినవా రెఱుగుదురు. 2005నాటి ఆటలో ఒక విశేషమైన గుర్తింపు కలదు. ఆట మొదలైనది మొదలు 60 సెకనులు ఒక్క గుండైనను కాల్చక బ్రతికియున్నవానికే అది లభించును. దాని పేరు ‘పాసిఫిజమ్’, అనగా శాంతివాదము. 2008లో వచ్చిన రెండవ భాగమున ఈ పేరుతోనే ఒక ఆటపద్ధతి ఏర్పడినది. అందు కాల్చుటయే లేదు. వెంటబడు గుంపును తప్పించుకొనుచు ద్వారముల గుండ దూరి పోవలెను. దూరినంతనే ద్వారము ప్రేలి, చేరువనున్న శత్రువులను నశింపజేయును. ద్వారపు కొనను తాకెనా, ఆటగాడే నశించును. చేతిని ఆపుకొనుట కాల్చుటకంటె కష్టమని ఇందుచే తెలియుచున్నది.

అట్లని ఈ ఆటను పాఠమనుకొనరాదు. పేరున రేఖాగణిత మున్నంత మాత్రమున ఇది సిద్ధాంతములను నేర్పదు. ఇందొక లోపమును కలదు. 2005నాటి ఆటకు అంతము లేదు. శత్రువులు పెరుగుచునే యుండును. ఎంతటి నేర్పరియైనను తుదకు ఓడవలసినదే. ఓడిన వెంటనే ‘ఇంకొక్కసారి’ అను కోరిక పుట్టును. ఆ కోరికకు లోబడినవాని సాయంకాలము తెలియకయే గడచిపోవును.

కావున అంతమును ఆటగాడే నిర్ణయింపవలెను. ఆటలో కుడిచేతిని 60 సెకనులు ఆపగలిగిన బాలుడు, వేళయైనపుడు రెండు చేతులను ఆపి లేవగలిగిననే ఆ నేర్పు సార్థకమగును. ఈ రెండవ నిగ్రహమునకు యంత్రము ఏ గుర్తింపును ఈయదు. అయినను మొదటిదానికంటె ఇదియే గొప్పది.