సమాధానం ముందు, ప్రశ్న తరువాత

ఎన్నికల ప్రచారం నుంచి వ్యాపారస్థులు పాఠాలు నేర్చుకోవాలని వాణిజ్యశాస్త్ర పండితులు కొందరు చెబుతున్నారు. నాయకుడు ఒకే మాటను నూరుసార్లు ఎలా చెబుతాడో, ఓటరును పేరుపెట్టి ఎలా పిలుస్తాడో, ఎదటివాడి నుదుట ముద్ర ఎలా వేస్తాడో చూసి సబ్బులమ్మేవాడూ, బూట్లమ్మేవాడూ ఆ పద్ధతే పట్టాలట! ఇది బజారు కబురైతే విని ఊరుకోవచ్చు. విజ్ఞానమనే పేరుతో విద్యార్థుల ముందుకు వస్తున్నది గనుక మాట్లాడక తప్పదు. ఇందులో గురువునూ శిష్యుణ్ణీ తారుమారు చేశారన్నది నా మొదటి ఆక్షేపణ. వీరు చూపించే ప్రచారం అసలు రాజకీయమే కాదన్నది రెండవది.

చరిత్ర చూద్దాం. డబ్బు తీసుకుని ఎన్నికలు నడిపిపెట్టడమే వృత్తిగా అమెరికాలో వెలసిన మొదటి సంస్థ 1933లో కాలిఫోర్నియాలో పుట్టింది. దాని పేరు కాంపెయిన్స్ ఇన్‌కార్పొరేటెడ్. యజమానులు క్లెమ్ విటేకర్, లియోన్ బాక్‌స్టర్. ఆ ఏడాదే ఒక ప్రజాభిప్రాయ సేకరణలో పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే పెద్ద విద్యుత్ కంపెనీని వీరు ఓడించారు. ఓడిన కంపెనీ ఏం చేసింది? తనను ఓడించినవారికే జీతం ఇచ్చి తన పనికి పెట్టుకుంది. వ్యాపారం రాజకీయం దగ్గర నేర్చుకున్న తొలి పాఠం ఇదే కాబోలు: కత్తి బాగా తెగితే దాన్ని కొనెయ్యడం!

మరుసటి ఏడాది, 1934లో, గవర్నరు పదవికి డెమొక్రాటిక్ అభ్యర్థిగా అప్టన్ సింక్లెయిర్ నిలబడ్డాడు. షికాగో మాంసపు ఫ్యాక్టరీలలో కూలీల బతుకును 1906లో ‘ది జంగిల్’ నవలగా రాసిన సింక్లెయిరే ఇతడు. మూతబడ్డ ఫ్యాక్టరీలనూ, బీడుపడ్డ పొలాలనూ నిరుద్యోగుల చేతికిచ్చి, వాళ్ళ అవసరాలకు వాళ్ళే ఉత్పత్తి చేసుకునేట్టు చేస్తానన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే ఆకలి గురించి మాట్లాడాలి. విటేకర్, బాక్‌స్టర్ ఆ జోలికి పోలేదు. అతని పుస్తకాలన్నీ ముందేసుకుని, పాత్రల నోటి మాటలను కత్తిరించారు. ఒక నవలలో ఒక పాత్ర వివాహాన్ని నిందిస్తే, అది సింక్లెయిర్ సొంత మాటే అన్నట్టు అచ్చువేయించారు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఇటువంటి ముక్కలను గడి కట్టి రోజూ మొదటి పేజీలో పెట్టింది. గిరీశం కోతలన్నీ గురజాడ అభిప్రాయాలని ప్రచురిస్తే ఎట్లా ఉంటుందో ఊహించండి! సింక్లెయిర్‌కు సుమారు 8 లక్షల 80 వేల ఓట్లు వచ్చాయి. ఓడిపోయాడు. ఆ ఉల్లేఖనలకు అసలు విషయంతో సంబంధం లేదని బాక్‌స్టరే తరువాత ఒప్పుకుంది. అతణ్ణి గవర్నరు కానివ్వకపోవడమే తమ పని అన్నది.

అక్కడితో ఆగలేదు. దేశ ప్రజలందరికీ ఆరోగ్య బీమా కావాలని ట్రూమన్ ప్రతిపాదిస్తే, దాన్ని పడగొట్టడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వీరినే పిలిచింది. సభ్యుడికి 25 డాలర్ల చొప్పున చందా వేసింది. వైద్యాన్ని సామ్యవాదం చేయడమే సోషలిస్టు రాజ్యానికి మూలస్తంభమని లెనిన్ అన్నట్టు ఒక మాట ఆ ప్రచార పత్రంలో అచ్చయింది. లెనిన్ రచనల్లో ఆ మాట ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. బీమా మాత్రం పడిపోయింది. నేటికీ ఆ ధనిక దేశంలో అందరికీ వర్తించే ఆరోగ్య బీమా లేదు. ప్రచార కౌశలం అంటే ముచ్చటపడే పండితులు ఈ లెక్క కూడా విద్యార్థులకు చెప్పాలి.

1952లో ఈ విద్య టెలివిజన్ ఎక్కింది. ఐసెన్‌హోవర్‌ను అధ్యక్షుణ్ణి చేయడానికి రోసర్ రీవ్స్ అనే వాణిజ్య ప్రకటనల నిపుణుడు వచ్చాడు. తలనొప్పి మాత్రలు అమ్మిపెట్టడంలో పేరు మోసినవాడు. సామాన్య పౌరుడు ప్రశ్న వేస్తాడు, సేనాని జవాబు చెబుతాడు. ప్రకటన అంతా కలిపి ఇరవై సెకన్లు. కాని తయారీ క్రమం చూడండి. ముందు ఐసెన్‌హోవర్ ఒక్కరోజే స్టూడియోలో కూర్చుని నలభై జవాబులు చెప్పాడు. ఆ తరువాత న్యూయార్కు చూడవచ్చిన యాత్రికులను పోగుచేసి, జవాబులకు సరిపడే ప్రశ్నలు వారిచేత చదివించి, రెంటినీ అతికించారు. సమాధానం ముందు, ప్రశ్న తరువాత! ప్రజాస్వామ్యాన్ని తలకిందులు చేయడమంటే ఇంతకంటే వేరే ఉందా? పౌరుడు ఉన్నాడు, నోరు కదుపుతున్నాడు; మాట అతనిది కాదు.

గురువెవరో ఇప్పుడు తేలింది కదా! మాత్రలమ్మిన విద్యే అధ్యక్షుణ్ణి అమ్మింది. ఆ శిష్యుడి దగ్గరికే గురువు మళ్ళీ పాఠానికి పోతున్నాడు. 2008లో, పోలింగు ఇంకా జరగకముందే, అమెరికా ప్రకటనదారులు తమ సభలో ఆపిల్ కంపెనీని కూడా వెనక్కినెట్టి ఒబామాను ఆ ఏటి మేటి మార్కెటింగ్ నిపుణుడిగా ఎన్నుకున్నారు. ఏ బొమ్మ, ఏ మాట పెడితే ఎక్కువమంది పేర్లు నమోదు చేసుకుంటారో ఆ ప్రచారంలో పరీక్షించి చూసిన డాన్ సిరోకర్, 2010లో ఆ పరీక్షనే వ్యాపారాలకు అమ్మే కంపెనీ పెట్టాడు. బజారులో బయలుదేరిన బండి ఎన్నికల ఊరు చుట్టి బజారుకే చేరింది.

ఈ విద్య మన దేశానికీ వచ్చింది. భారతదేశం వెలిగిపోతున్నదని 2004లో పత్రికలూ టెలివిజనూ హోరెత్తాయి. అదే ఏడు ఆంధ్రప్రదేశ్‌లో హైటెక్ పాలన అనే బొమ్మ ఓటర్ల ముందుకు వచ్చింది. కరువులో అప్పులపాలై రైతులు ప్రాణాలు తీసుకున్న పల్లెల్లో ఆ వెలుగు ఎవరికి కనబడుతుంది? కేంద్రంలో పాలకులు ఓడారు; రాష్ట్రంలో తెలుగుదేశానికి 294 స్థానాల్లో 47 మిగిలాయి. నచ్చని సరకును కొనుగోలుదారు కొనకుండా ఊరుకుంటాడు. పౌరుడు ఊరుకోడు, పాలకుణ్ణి దింపుతాడు. ఈ తేడాయే రాజకీయం. ఏ వాణిజ్య పాఠంలోనూ ఇది ఇమడదు.

మీ వామపక్షం మాత్రం ప్రచారం చేయలేదా, బుర్రకథ ప్రచారం కాదా అని అడిగేవారుంటారు. ప్రచారమే, సందేహం లేదు. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరిగి చెప్పింది ప్రచార కథలే. ప్రచారాన్ని నేను తప్పుపట్టడం లేదు. వినేవాడు తిరిగి మాట్లాడగలడా లేడా అన్నదే నా గీటురాయి. ఊరి నడుమ కథ చెప్పేవాడు విన్నవాళ్ళ కళ్ళెదుటే ఉంటాడు. నచ్చనివాడు లేచి అడుగుతాడు, తెల్లవారి కూడా అడుగుతాడు. ఇరవై సెకన్ల ప్రకటనను అడిగేదెట్లా?

అయితే ఈ గీటురాయిని మన మీద గీసుకోకుండా ఇతరుల మీదనే గీస్తే అది నిజాయితీ కాదు. సభకు వచ్చినవాళ్ళను ప్రశ్న అడగనివ్వకుండా తీర్మానాలకు చప్పట్లు కొట్టించేవాళ్ళు మనలో లేరా? చర్చ మొదలుకాకముందే ముగింపు రాసుకొచ్చే వక్తలు లేరా? వారు జెండా ఏది పట్టినా రీవ్స్ శిష్యులే.

అధ్యాపక మిత్రులకూ విద్యార్థి మిత్రులకూ నేను చెప్పేది ఇంతే. ఓటరును ఎలా గెలవాలో వ్యాపారికి నేర్పే పాఠం మీ తరగతికి వస్తే, సింక్లెయిర్ నవలల నుంచి కత్తిరించిన ముక్కలను బల్లమీద పెట్టండి. లెనిన్ అనని మాటను పెట్టండి. యాత్రికుల చేత చదివించిన ప్రశ్నలను పెట్టండి. ఆ తరువాత ఆ పాఠాన్ని మీ సొంత ప్రశ్నలు అడగండి, ఎవరూ రాసివ్వనివి.