మూడోసారి రాసినోడిది మెరిటట!

ఇంటర్ రెండో ఏడు బైపీసీ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. నీట్ పరీక్ష మే మొదట్లో. మధ్యలో నలభై యాభై రోజులు. ఆ రోజుల్లోనే మన వాడల్లో, డాక్టరు కావాలని ఆశపడ్డ పిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తది. ఈసారే రాయాల్నా, ఒక ఏడు ఆగి రాయాల్నా? తండ్రి ఒకటంటడు, మేనమామ ఒకటంటడు. కార్పొరేట్ కాలేజీ పీఆర్వో మోటారు సైకిలేసుకొచ్చి, గడపలో కూసోని ఇంకొకటంటడు. మాట్లాడాల్సిన మన సంఘపోళ్ళు మాత్రం నోరు మెదపరు. "అది చదువుకున్నోళ్ళ సంగతి, మనకేం తెలుసు" అని తప్పుకుంటరు. భూమి గురించి మాట్లాడినం, కూలి గురించి మాట్లాడినం, రెండు గ్లాసుల గురించి మాట్లాడినం. ఒక ఏడాది కాలం ఎవడి చేతిలో ఉన్నదో కూడా మాట్లాడాల్సిందే.

ఎందుకంటే నీట్ పరీక్ష పేరుకు మూడు గంటలదే గానీ, గెలిపించేది ఆ మూడు గంటలు కాదు. ఇంట్లో కూసోని తిని, ఒక ఏడు, రెండేళ్ళు, మూడేళ్ళు మళ్ళీ మళ్ళీ రాయగలిగిన స్తోమత గెలిపిస్తది. దాన్నే వాళ్ళు ముద్దుగా లాంగ్ టర్మ్ అంటరు. ఇది నా కడుపుమంట మాట కాదు. నీట్ వల్ల ఏం జరిగిందో తేల్చమని తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ ఎ.కె.రాజన్ కమిటీని వేసింది. 2021లో ఆ కమిటీ చెప్పిన లెక్క చూడండి. నీట్ రాకముందు, 2016-17లో, ఆ రాష్ట్రంలో మెడికల్ సీటు కొట్టినోళ్ళలో ఏడాది ఆగి వచ్చినోళ్ళు నూటికి 12 మంది. 2020-21 నాటికి నూటికి 71 మంది! అంటే ఇంటర్ అయిన ఏడాదే సీటు తెచ్చుకున్నోళ్ళు నూటికి ముప్ఫై మంది కూడా లేరు. తమిళ మీడియం పిల్లలైతే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికి పడిపోయారు.

ఇప్పుడు చెప్పండి, మెరిట్ అంటే ఏంది? ఏసీ హాస్టల్లో పడుకొని, లక్షలు పోసి, మూడోసారి రాసి తెచ్చుకున్న ర్యాంకు మెరిటట. పొద్దున మిరప తోటకు పోయి, రాత్రి పుస్తకం పట్టి, ఒకే ఒక్కసారి రాసిన మన పిల్ల తెచ్చుకున్న ర్యాంకు రిజర్వేషనట. పరుగుపందెంలో మూడుసార్లు ఉరికినోడు, ఒకసారి ఉరికినోడి మొఖం మీద "నీకు కాళ్ళు లేవు" అంటున్నడు. ఇంకో ముచ్చట వినండి. 2025 నీట్‌లో జనరల్ వాళ్ళకు అర్హత మార్కు 720కి 144. నూటికి ఇరవై! ఇరవై మార్కులోడు కూడా ఏడాదికి లక్షలకు లక్షలు పోస్తే ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ కోటా సీటుకు లైన్లో నిలబడొచ్చు. వాడి మెరిట్ గురించి ఏ పేపరూ ఎడిటోరియల్ రాయదు. నాలుగొందల మార్కులు తెచ్చుకున్న మాదిగ పిల్ల, మాల పిల్ల సీటెక్కితే మాత్రం దేశంలో వైద్యం నాశనమైపోయిందని గుండెలు బాదుకుంటరు.

మనకు ఎంసెట్ ఉన్నప్పుడు కూడా ఏమంత ధర్మం నడవలేదు. కానీ ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. రెండేళ్ళు కాలేజీలో కుదురుగా చదివినందుకు కొంత విలువ ఉండేది. 2017 నుంచి రాష్ట్ర సీట్లన్నీ నీట్‌తోనే. ఇంటర్‌లో ఎన్ని మార్కులొచ్చినా ర్యాంకుకు పనికిరావు. తమిళనాడు అరియలూరు జిల్లా దళిత బిడ్డ అనిత పన్నెండో తరగతిలో 1200కు 1176 తెచ్చుకుంది. నీట్ ఆమెను బయటికి నెట్టింది. సుప్రీంకోర్టు దాకా పోయి కొట్లాడింది. 2017 సెప్టెంబర్ 1న ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత ఆ రాష్ట్రం ఊరుకోలేదు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు 7.5 శాతం సీట్లు వేరుగా తీసి 2020లో చట్టం చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ మాట ఎత్తిన పార్టీ ఏదో, ఓట్లకొచ్చినప్పుడు అడగండి.

సరే, చట్టం మారేదాకా మన పిల్ల ఏం చెయ్యాలె? ఇక్కడ మనోళ్ళలోనే రెండు రకాల మాటలు వినబడుతున్నయి. ఒక అన్న "నీట్ అనేదే మనువాదుల కుట్ర, దాని కోసం చదవడమేంది" అంటడు. ఆ అన్న కొడుకు మాత్రం పట్నంలో కోచింగ్‌లో ఉంటడు. ఇంకో అన్న "సీటొచ్చేదాకా రాస్తనే ఉండాలె, ఎకరం అమ్మైనా సరే" అంటడు. మొదటి మాట విని ఊకుంటే సీటు వాడికి పోతది. రెండో మాట వింటే భూమి వాడికి పోతది. పరీక్ష మీద కొట్లాడాలె, పరీక్ష రాయాలె కూడా. పంతులు మనల్ని బడి బయట కూసోబెట్టినప్పుడు మన తాతలు బడి మానలేదు, బయట కూసోనే అక్షరాలు పట్టుకున్నరు.

కాబట్టి ఇంటర్ అయిన ఏడాదే రాయాలె. ఇందులో రెండో ఆలోచన వద్దు. "ప్రిపేర్ కాకుండా రాస్తే పేరు ఖరాబైతది, ఛాన్స్ పోతది" అని చెప్పే ఏజెంటు అబద్ధమాడుతున్నడు. ఎన్నిసార్లైనా రాయొచ్చు, మొదటిసారి తక్కువొస్తే రెండోసారికి ఏ నష్టమూ లేదు. పై వయసు పరిమితిని కూడా 2022లో తీసేశారు. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు 2025లో వెయ్యి రూపాయలు. తెలుగులో రాసుకునే వీలుంది. తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తరు, ఆ కోత దెబ్బ ఎట్లుంటదో హాల్లో కూసున్నోళ్ళకే అర్థమైతది. అది తెలుసుకోవడానికైనా మొదటి ఏడు పోవాలె. ఒక్క సంగతి చూసుకోండి: చేరే ఏడాది డిసెంబర్ 31కి పదిహేడేళ్ళు నిండాలె. మన పిల్లల పుట్టినరోజులు బళ్ళో పంతులు ఇష్టమొచ్చినట్టు రాసినవే గదా. వాడలో సగం మంది జూన్ ఒకటినే పుట్టినట్టు ఉంటది! ఆ తేదీ పదో తరగతి మెమో మీదికి ఎక్కకముందే సరిచూడండి.

ఆగాల్నా వద్దా అన్న ప్రశ్న ఫలితం వచ్చినంక వేసుకోవాలె, ముందు కాదు. అప్పుడు కూడా పీఆర్వో మాట కాదు, లెక్క చూడాలె. వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దాకా సీటిచ్చారో జాబితాలు పెడుతయి. పోయిన ఏడు మన కేటగిరీలో చివరి సీటు ఎక్కడ ఆగింది, మన పిల్ల ఎక్కడుంది? దగ్గర్లో ఉంటే ఒక ఏడు ఆగడం న్యాయమే. అర్హత మార్కు దాటింది గదా అని సంబరపడి ఆగితే మోసపోతం. 2025లో మనకు అర్హత 113 మార్కులు, దానికీ సర్కారు కాలేజీ సీటుకూ మధ్య చాలా దూరముంది. ఆగితే ఒక్క ఏడే ఆగాలె అని నా అభిప్రాయం. మూడో ఏడాదికి పోతే పిల్లకంటే ముందు ఇల్లు కూలుతది. ఆగే ఏడు కూడా అప్పు తెచ్చి కార్పొరేటోడికి పొయ్యొద్దు. తెలంగాణలో గౌలిదొడ్డి గురుకులం, ఆంధ్రలో చిన్నటేకూరు, అడవి తక్కెళ్ళపాడు గురుకులాలు మన పిల్లలకు నీట్ చెప్పిన చోట్లు. అక్కడ సీట్ల సంగతి ముందు అడగండి. లేవంటే ఎందుకు లేవో అడగండి.

తెలంగాణ వాళ్ళకు ఇంకో జాగ్రత్త. ఇంటర్ విజయవాడలోనో గుంటూరులోనో చదివిస్తే పేరొస్తదని ఖమ్మం, నల్లగొండ నుంచి పంపుతున్నరు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు రాష్ట్రంలోనే చదివితేనే లోకల్ అని 2024లో జీవో 33 వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. సొంతూరి పిల్లే నాన్‌లోకల్ అయిపోతది. లాంగ్ టర్మ్ ఇంటర్ తర్వాతిది కాబట్టి దానికి ఈ బాధ లేదు. ఈ తేడా చెప్పేవాడు లేక ఆగమయ్యే తల్లిదండ్రులున్నరు.

ఇగ మన మగోళ్ళతో ఒక మాట. కోపమొచ్చినా సరే. కొడుకుకు తక్కువొస్తే లాంగ్ టర్మ్, కూతురికి తక్కువొస్తే లగ్గం! ఇది ఏ మనువు చెప్పిండు మనకు? కొడుకు మూడొందల మార్కుల దగ్గర ఆగినా "ఇంకోసారి చూద్దాం" అంటరు. బిడ్డ నాలుగొందలు తెచ్చుకున్నా "నర్సింగ్ చాల్లే" అంటరు. నర్సింగ్ తక్కువ చదువని నేనంటలేను. దాన్ని ఆ పిల్ల ఎంచుకోవాలె, మీరు తోసెయ్యొద్దు. వేదిక మీద సావిత్రిబాయి ఫొటోకు దండేసి, ఇంటికొచ్చి బిడ్డ పుస్తకాలు అటక మీద పెట్టేటోళ్ళను ఈ పత్రిక పేర్లు రాయకుండా వదిలేస్తున్నదంతే.

సంఘం చెయ్యాల్సిన పని చాలా ఉంది. దరఖాస్తులు తీసే రోజుల్లో, ఏటా ఫిబ్రవరి అటూ ఇటూ, కుల సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిప్పించుకుంటున్న పిల్లల వెంట ఒకరు పోవాలె. పరీక్ష రోజు సెంటర్ ఎక్కడో పట్నంలో పడితే ముందు రాత్రి పడక చూపించాలె. 2025లో మధ్యాహ్నం రెండింటి పరీక్షకు ఒకటిన్నరకే గేటు మూసిన్రు, బస్సు లేటైందంటే వాడు వినడు. పొడుగు చేతుల చొక్కా, బూట్లు వద్దని ముందే చెప్పాలె. ఫలితాలొచ్చిన రాత్రి, తక్కువొచ్చిన ఇంటికి ముందు పోవాలె. ఆ పిల్లను ఒంటరిగా ఉండనియ్యొద్దు, ఆ రాత్రి లెక్కలు అడగొద్దు.

మండల కమిటీలు వచ్చే సంచికలోపు ఒక లిస్టు రాయండి. మీ మండలంలో బైపీసీ అయిపోయి ఇంట్లో కూసున్న ఎస్సీ, ఎస్టీ పిల్లలెందరు, అందులో నీట్ రాసినోళ్ళెందరు, ఎన్ని మార్కులు, ఆడపిల్లలెందరు, ఏడాది ఆగుదామన్నా డబ్బుల్లేక ఆగినోళ్ళెందరు. పిల్లల పేర్లు పత్రికకు వద్దు, లెక్క చాలు. ప్రతి జిల్లాలో ఒక గురుకులంలో ఉచిత లాంగ్ టర్మ్ పెట్టాలని, సర్కారు బడి పిల్లలకు వేరే సీట్లు తియ్యాలని ఆ లెక్క చేతబట్టుకొని కలెక్టరాఫీసుకు పోదాం. తేదీ జిల్లా కమిటీ చెబుతుంది.