మామిడికి రాసిన దరఖాస్తు

నాపరాయి (వారం వారం)
సీమవాసి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికల్లా బనగానపల్లెలో జిరాక్సు షాపులకు సీజన్ మొదలవుతుంది. పదో తరగతి మెమో, ఇంటర్ మార్కుల జాబితా, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం కాగితం, ఆదాయం కాగితం, రైస్ కార్డు, పిల్లాడి ఆధార్, అమ్మ ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ. అన్నీ రెండేసి సెట్లు. మూడోది కూడా తీసి పెట్టుకోమని షాపాయనే సలహా ఇస్తాడు. వ్యాపారం కోసం చెప్పే మాట అనుకుంటాం గానీ నిజంగానే అక్కరకొస్తుంది. డిగ్రీలో చేరే పిల్లలకు ప్రభుత్వం చేసే సాయం గురించి మా ఊళ్లో అందరికంటే బాగా తెలిసింది ఆయనకేనని నా అనుమానం. ఏ కాగితం ఎక్కడ అడుగుతారో, ఏది ఎన్నాళ్లు చెల్లుతుందో, సర్వరు ఏ పూట పలుకుతుందో చెప్పగలడు. సర్కారు వేయని ఉద్యోగం ఆయన జీతం లేకుండా చేస్తున్నాడు.

సాయం లేదని ఎవరూ అనలేరు. ఎస్సీ విద్యార్థులకు పదో తరగతి పైచదువుల స్కాలర్‌షిప్పులు 1944లో మొదలయ్యాయి, అంబేద్కర్ వైస్రాయ్ మండలిలో సభ్యుడిగా ఉన్న రోజుల్లో. మన కర్నూలు పక్క పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య అనంతపురంలో బీఏ ముగించింది 1942లో. ఆ పథకం పుట్టేసరికే ఆయన డిగ్రీ అయిపోయింది. తండ్రిని పసితనంలోనే పోగొట్టుకున్న పిల్లవాడు అయినవాళ్ల ఆసరాతో చదివి, మద్రాసులో పనిచేసుకుంటూ లా పూర్తిచేసి, 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఆసరా దొరక్క మధ్యలో చదువు మానేసినవాళ్ల పేర్లు మనకు తెలిసే వీలే లేదు.

2008-09లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక ఈ సాయం బీసీలకు, ఆ తర్వాత మిగతా వర్గాల పేదలకూ విస్తరించింది. 2020లో అది జగనన్న విద్యాదీవెన అయింది, మెస్సు ఖర్చులకు వసతి దీవెన వచ్చింది: ఐటీఐ పిల్లలకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 రూపాయలు. 2024లో ప్రభుత్వం మారగానే ఆ పేర్లు పోయి పాత పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు పేరే మళ్లీ వచ్చింది. జనం మాత్రం ఇన్ని పేర్లూ పట్టించుకోలేదు. "ఫీజు పడిందా?" అనే అడుగుతారు, అప్పుడూ ఇప్పుడూ.

పేరుతో పాటు డబ్బు నడిచే దారి కూడా మారుతూ వచ్చింది. మొదట కాలేజీ ఖాతాకు. 2021 నుంచి తల్లి ఖాతాకు. 2023లో తల్లీబిడ్డలు కలిసి జాయింటు ఖాతా తెరవాలన్నారు. 2024-25 నుంచి మళ్లీ కాలేజీకే అన్నారు. ఎస్సీ పిల్లలకైతే కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేస్తున్నారు. ఒక్కో దారికీ ఒక్కో వాదన ఉంది, అన్నీ ఎంతో కొంత సబబైనవే. కానీ అమరావతిలో ఒక్క జీవో వెలువడితే ఇక్కడ బ్యాంకు మెట్ల మీద తల్లులు ఎండలో కూర్చోవాలి. ఖాతా కొత్తది, ఆధార్ లింకు కొత్తగా, ఎన్‌పీసీఐ మ్యాపింగు అనే మాట కొత్తగా. "ఎంపీసీ లింకు చేయించుకోమన్నారు సార్" అని నన్నే ఒకామె అడిగింది. ఇంటర్‌లో కొడుకు చదివిన గ్రూపు పేరూ, బ్యాంకువాళ్లు చెప్పిన మాటా ఆమె చెవికి ఒకటే.

అర్హతల పట్టికలో తప్పుపట్టవలసింది పెద్దగా కనపడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి పదెకరాల లోపు, మెట్ట ఇరవై అయిదెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, అందులోనూ ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు. హాజరు 75 శాతం. మెట్ట ఇరవై అయిదెకరాలు అని రాసిన అధికారికి మన సీమ చేలు తెలుసు, కాదనను. ఇబ్బందంతా ఈ పట్టికకూ, పిల్లవాడికీ నడుమ ఉన్న గుమ్మాల దగ్గర.

ఒక తల్లిని చూశాను. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కోసిన బండల్ని మిషన్‌కు అందించడం, నునుపు చేశాక అంచు పట్టి ఎత్తి వరసగా నిలబెట్టడం ఆమె పని. కొడుకు ఫీజుకు సచివాలయంలో వేలిముద్ర వేయాలి. బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు, అదీ పడలేదు. వెల్ఫేర్ అసిస్టెంటు కుర్రాడు ఓపికమంతుడు. తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు, ఎడమచేతి వేళ్లన్నీ ఒక్కొక్కటే పెట్టించాడు. మిషన్ ఎర్రలైటు వేస్తూనే ఉంది. "దీనికి నా యేలు నచ్చల్యా నాయనా" అని ఆమె నవ్వింది. రాతి మీది గరుకు పోయేదాకా పనిచేసే చేతులవి. వేలి మీది గీతలు కూడా ఆ పనిలోనే పోయాయి. కంటిపాప చూసే మిషన్ ఇంకో సచివాలయంలో ఉందని, అక్కడికి పొమ్మన్నారు. ఆ రోజు కూలి పోయింది. పేదవాడని నిరూపించుకోవడానికి పేదవాడు కట్టే పన్ను ఇది. ఏ పద్దులోనూ కనపడదు.

పేర్ల గొడవ ఇంకొకటి. ఇంటిపేరు ఉండాల్సిన చోట కులం పేరు రాయడం మా పక్క పాత అలవాటు. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు దూదేకులను 'డి' అని, బోయను 'బి' అని పొట్టిగా రాసేస్తాడు. ఆధార్ తీసే కుర్రాడు పూర్తిగా కొడతాడు. బ్యాంకులో అది పేరుకు వెనక్కి పోతుంది. షేక్ అనేది ఒక కాగితంలో ముందుంటుంది, ఒక కాగితంలో చివరికి పోతుంది, ఇంకోదాంట్లో 'ఎస్' అయి కూర్చుంటుంది. మనిషి ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. ఇది చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న మనం కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకు మారాం. అన్న కాగితాల మీద ఒక జిల్లా, తమ్ముడి కాగితాల మీద ఇంకో జిల్లా. ఆ పిల్లలు ఇల్లు కదిలింది లేదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. మన బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని పుట్టుపూర్వోత్తరాలు, రంగు, రుచి, నేల స్వభావం, పండే ప్రాంతాల వివరాలతో దరఖాస్తు కట్ట తయారుచేసి చెన్నైలోని రిజిస్ట్రీకి పంపింది ఎవరు? రాష్ట్ర ఉద్యానశాఖ. ఏళ్ల తరబడి వెంటపడి సాధించింది కూడా. మంచి పనే, మెచ్చుకోవాలి. నవాబుల కాలం నాటి చెట్టును నీ జనన ధ్రువపత్రం తెమ్మని ఎవరూ అడగలేదు. కాయ తరఫున సర్కారే ఫారం నింపింది. ఆ తోటల్లో కాయలు కోసే ఇంటి పిల్ల డిగ్రీలో చేరతానంటే మాత్రం తన ఫారం తానే నింపుకోవాలి, తన సాక్ష్యం తానే మోసుకు తిరగాలి.

ఫారం నింపడం అంత పెద్ద విషయమా అని అనేవాళ్లున్నారు. చదువుకున్న ఇంట్లో పుట్టినవాళ్లు సాధారణంగా అలాగే అంటారు. అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు లెక్కకట్టి చూశారు. అక్కడ పేద ఇళ్ల పిల్లలు చాలామంది తక్కువ ఫీజు ఉండే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లో చేరతారు. ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అనే ఫారం నింపాలి, అప్పట్లో అందులో వందకు పైగా ప్రశ్నలు. 2008లో ఒహాయో రాష్ట్రంలోనూ, షార్లెట్ నగరంలోనూ కొందరు ఆర్థికవేత్తలు ఒక పని చేశారు. పన్ను పత్రాలు నింపించుకోవడానికి హెచ్ అండ్ ఆర్ బ్లాక్ ఆఫీసులకు వచ్చిన తక్కువ ఆదాయ కుటుంబాల్లో కొందరికి, ఆ పన్ను కాగితాల్లోని వివరాలతోనే పిల్లల సాయం ఫారం కూడా అక్కడికక్కడే నింపించారు. పది నిమిషాల పని. ఇంకొందరికి మీకు ఇంత సాయం వస్తుందని వివరంగా చెప్పి కాగితం చేతిలో పెట్టి పంపారు. మొదటి రకం ఇళ్లలో హైస్కూలు ముగిస్తున్న పిల్లలు వరసగా రెండేళ్లు కాలేజీలో నిలబడడం 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగింది. వివరాలు మాత్రమే అందుకున్న ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. అవగాహన సదస్సులతో సరిపెట్టే మన అధికారులు ఈ రెండో ముక్క రెండుసార్లు చదవాలి.

అదే అమెరికా ఆ ఫారాన్ని బాగా కుదించి 2023 డిసెంబరు ఆఖరున కొత్తది తెచ్చింది, మూడు నెలలు ఆలస్యంగా. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రుల పిల్లలు దాన్ని పూర్తిచేయలేక వారాల తరబడి అల్లాడారు. అంత డబ్బున్న దేశంలోనూ సర్వరు ముందు చేతులు కట్టుకుని నిలబడేది వలస కూలీల ఇంటి పిల్లే. మనకు ఇందులో ఓదార్పు ఏమీ లేదు, చెప్పాలని చెప్పానంతే.

మన దగ్గర ఫారం లేకుండా నడిచే పథకాలు లేకపోలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. నంద్యాల కాలేజీకి పోయే ఆడపిల్ల పల్లెవెలుగు ఎక్కి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. ఏ కులం, మీ నాయనకు ఎన్నెకరాలు అని అడగడు. అదే ఏడాది జూన్‌లో తల్లికి వందనం డబ్బు ఇంటర్ పిల్లల వరకు తల్లుల ఖాతాల్లో పడింది. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో ప్రభుత్వం తన దగ్గరున్న వివరాలతోనే చాలామటుకు తేల్చింది. భూమి లెక్క రెవెన్యూ శాఖ దగ్గరుంది. బండి లెక్క రవాణా శాఖ దగ్గరుంది. రైస్ కార్డు ఇచ్చింది సర్కారే, కులం కాగితం ఇచ్చిందీ సర్కారే. ఇప్పుడు 'మన మిత్ర' అనే వాట్సాప్ సేవతో ధ్రువపత్రాలు ఫోనుకే పంపుతున్నామని ప్రభుత్వమే చెబుతోంది కదా. పంపగలిగిన కాగితాన్ని మళ్లీ తెమ్మని అడగడం దేనికి? ఇంటర్ దాటి డిగ్రీ గడప తొక్కగానే అదే పిల్ల సర్కారుకు కొత్తమనిషి ఎట్లా అవుతుంది?

తనిఖీలు వద్దనడం లేదు. లేని విద్యార్థుల్ని చూపించి ఫీజు డబ్బు మింగిన కాలేజీలను ఈ రాష్ట్రం చూసింది. అయితే దొంగలెక్క రాసిన యాజమాన్యానికి వేలిముద్ర చక్కగానే పడుతుంది. పడనిది బండలు మోసిన చేతికే.

డబ్బు ఆలస్యం సంగతి కూడా ఒక మాట. ఏ ప్రభుత్వం ఉన్నా బకాయిలు ఉన్నాయి, ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు వాటిమీద ధర్నాలు చేస్తారు, అధికారంలోకి వచ్చాక అవి పాత ప్రభుత్వం బకాయిలు అంటారు. ఈలోగా కాలేజీవాళ్లు "ముందు మీరు కట్టండి, సర్కారు వేస్తే తిరిగిస్తాం" అంటారు, పరీక్ష ఫీజుకు, హాల్‌టికెట్టుకు, సర్టిఫికెట్లకు ముడిపెడతారు. పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది మన జిల్లా దాకా ఇంకా ప్రయాణంలోనే ఉన్నట్టుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిన ఫీజును తర్వాత ప్రభుత్వం తీర్చినా, వడ్డీని ఎవరు తీరుస్తారు?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. మా ఊళ్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, సచివాలయాలున్నాయి, బ్యాంకులున్నాయి. అడ్మిషన్ల నెలల్లో వారానికి రెండు పూటలు కాలేజీ వరండాలో ఒక బల్ల వేసి, వెల్ఫేర్ అసిస్టెంటును, బ్యాంకు మనిషిని, ఆధార్ కిట్టును, ఒక కంటిపాప మిషన్‌ను ఒకేచోట కూర్చోబెట్టండి. పిల్లాడు, తల్లి వచ్చి కూర్చుంటే లేచేలోపు అన్నీ అయిపోవాలి. ఏదైనా తేడా వస్తే రేపు రమ్మనకుండా ఏ తేడా వచ్చిందో తెలుగులో ఒక చీటీ మీద రాసివ్వాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పేరు అసలే అక్కర్లేదు. కలెక్టరు ఒక్క సంతకం చాలు. రెండో ఏడు, మూడో ఏడు చదివే పిల్లలు ఇప్పటికే ఈ గుమ్మాలన్నీ దాటినవాళ్లు. వాళ్లను పక్కన కూర్చోబెడితే జిరాక్సు షాపాయనకు కాస్త తెరిపి దొరుకుతుంది.

అంతదాకా మన జాగ్రత్త మనది. మీ ఇంట్లో ఈ ఏడు ఇంటర్ రాసిన పిల్లలుంటే పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. వేలిముద్ర పడని పెద్దవాళ్లుంటే ఆధార్ కేంద్రానికి తీసుకుపోయి వివరాలు కొత్తగా ఎక్కించండి. తేడాలుంటే ఇప్పుడే దిద్దించుకోండి, అడ్మిషన్లు మొదలయ్యాక ఆ కేంద్రాల ముందు నిలబడడానికి కూడా చోటుండదు.