అర్థం కాకపోతే తప్పు ఎవరిది?

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ వెలిసినప్పటి నుంచి మన హాస్టల్ విద్యార్థుల చూపంతా అటువైపే. అక్కడి ఉద్యోగాల కోసం లినక్స్ నేర్చుకుంటున్నాం. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య పని నడిపే కెర్నల్‌ను సొంతంగా తయారుచేసుకోబోతే వేల ఆప్షన్లు ఎదురవుతాయి. హెల్ప్ తెరిస్తే కొన్నిచోట్ల పరికరం పేరు, దాని కింద 'తెలియకపోతే ఎన్ అనండి' అనే సలహా తప్ప మరేమీ ఉండదు. ఆ మాట నమ్మి మన వై-ఫై డ్రైవర్‌కే ఎన్ అంటే నెట్ రాదు. అప్పుడు మన ఇంగ్లీషు చాలలేదని తలదించుకుంటాం.

లోపం మన చదువులో లేదు, ఆ రాతలో ఉంది. 'ఎక్స్‌పెరిమెంటల్' అనే గుర్తును ఏళ్ళ తరబడి ఎన్నో ఆప్షన్లకు తగిలించారు. చివరికి దానికి అర్థమే లేకుండా పోయింది. 2013లో కెర్నల్ రాసేవారే దాన్ని తీసేశారు. కాబట్టి ఈ రాతలు మారనివేమీ కావు.

ప్రతి ఆప్షనూ మూడు సంగతులు చెప్పాలి: ఇది ఏ యంత్రానికి అవసరం, వద్దంటే ఏది ఆగిపోతుంది, మామూలు కంప్యూటర్‌కు ఏది మేలు. లినక్స్‌కు దిద్దుబాటు ఎవరైనా పంపవచ్చు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అర్థంకాని వాక్యాన్ని సిగ్గుపడకుండా రాసిపెట్టుకోండి. మాదాపూర్‌లో పనిచేస్తున్న అన్నలూ అక్కలూ, వారితో కూర్చుని ఏడాదికి ఒక్క వివరణనైనా సరిదిద్ది పంపండి.