జనవరిలో జాన్ డీర్ ఏం ప్రకటిస్తుంది? కలుపు రోబో కోసం ఆగాలా?

పోయిన వారం కలుపు వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, జనవరిలో జాన్ డీర్ వాళ్లు కలుపు రోబో ఏదో ప్రకటిస్తారంట, ఇప్పుడు పవర్ వీడర్ కొనాలా, ఇంకో ఏడాది ఆగాలా?" అందరికీ విడివిడిగా రాయలేక ఇక్కడ రాస్తున్నా. నా మాట అయితే ఆగొద్దు. ఎందుకో చెప్పాలంటే ఆ ప్రకటనలో ఏముండొచ్చో ముందు ఊహించాలి. ఊహే సుమా, నాకు ఆ కంపెనీలో చుట్టాలెవరూ లేరు. కానీ వాళ్లు ఎటు పోతున్నారో వాళ్లే చాలా వరకు చెప్పేశారు కాబట్టి పెద్ద కష్టం కాదు.

ప్రతి జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో సీఈఎస్ అని పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరుగుతుంది. టీవీలు, కార్ల మధ్యలో ఈ ట్రాక్టర్ కంపెనీ కూడా స్టాల్ పెడుతుంది. 2022లో అక్కడే డ్రైవర్ లేని 8ఆర్ ట్రాక్టర్ చూపించారు, దానికి ఆరు జతల కెమెరాలు. 2023లో విత్తనం పడిన చోట మాత్రమే ఎరువు చుక్క వేసే ఎగ్జాక్ట్‌షాట్. 2025లో 16 కెమెరాలతో 9ఆర్ఎక్స్, దాంతోపాటు పండ్ల తోటల్లో మందు కొట్టే డ్రైవర్ లేని ట్రాక్టర్. 2030 నాటికి మొక్కజొన్న, సోయా సేద్యం మొత్తం డ్రైవర్ లేకుండా చేయించాలని వాళ్లు పెట్టుకున్న గడువు. దుక్కి అయింది, తోటలో పిచికారీ అయింది. ఇంక మిగిలింది విత్తడం, పొలంలో పిచికారీ, కోతప్పుడు గింజల బండి లాగడం. జనవరిలో వీటిలో ఒకటో రెండో ఉంటాయని నా లెక్క.

మరి కలుపు సంగతి? దానికి వాళ్ల దగ్గర ఉన్నది సీ అండ్ స్ప్రే. 2017లో బ్లూ రివర్ అనే చిన్న కంపెనీని 30.5 కోట్ల డాలర్లకు కొని తయారుచేసుకున్న టెక్నాలజీ ఇది. పిచికారీ బూమ్ పొడవునా కెమెరాలుంటాయి. కలుపు మొక్క కనపడితే దాని మీద మాత్రమే గడ్డిమందు పడుతుంది. గడ్డిమందు ఖర్చు సగానికి పైగా తగ్గుతోందని కంపెనీ చెబుతోంది. దీన్ని నేను ఎగతాళి చేయను. పొలమంతా గడ్డిమందు కొట్టే రైతు సగం తగ్గించినా భూమికి మేలే. కానీ మనం కొట్టేదే లేదు కదా. సున్నాలో సగం ఎంత? ఈ యంత్రం కలుపు తీయదు, గడ్డిమందు మిగిలిస్తుంది. దాని ధర గిట్టుబాటయ్యేది ఆ మిగులు మీదే. "కలుపు రోబో" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఇంకోటి, ఆ కెమెరాలు నేర్చుకున్నది మొక్కజొన్న, సోయా, పత్తి పొలాల్లో. ఒకే పంట, తాడు పట్టినట్టు సాళ్లు. మా చేలో ఏడు సాళ్ల బుడ్డలకు ఒక సాలు కంది, మధ్యలో అలసంద, అనుము, గట్టున ఆముదం. ఇందులో ఏది పంట, ఏది కలుపు? మా అమ్మ కలుపు తీస్తూ గంగవాయిలి కూర, చెంచలాకు పక్కన పెట్టుకుంటుంది. కెమెరాకి అది కలుపు, మా ఇంట్లో అది మధ్యాహ్నం పప్పు. పంటల సంఖ్య పెంచేకొద్దీ మన పొలం ఆ యంత్రానికి అర్థం కాకుండా పోతుంది. అట్లని యంత్రం కోసం అంతర పంటలు తీసేస్తామా? అమెరికాలో 2022 లెక్కల ప్రకారం సగటు కమతం 463 ఎకరాలు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2015-16 లెక్కల్లో 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాల లోపే. వాళ్ల బూమ్ విప్పితే నా చేను గట్టు దాటి పక్కోడి చేలోకి పోతుంది!

"ఫోన్లు కూడా మొదట్లో ఖరీదే కదన్నా" అని ఒక తమ్ముడు రాశాడు. మంచి ప్రశ్న. కెమెరా, చిప్పు ధరలు తగ్గుతాయి, అది నేనూ నమ్ముతా. ఇనుము తగ్గదు. ఎర్ర నేలకి ఒక బ్లేడు, నల్లరేగడికి ఇంకో బ్లేడు. తడి ఎక్కువైతే ఏదీ నడవదు. మనకు పనికొచ్చే కలుపు యంత్రం ఏదో ఒక రోజు వస్తే అది లాస్ వేగాస్ నుంచి కాదు, కోయంబత్తూరులోనో రాజ్‌కోట్‌లోనో ఏదో వర్క్‌షాపు నుంచి వస్తుందని నా అంచనా.

ప్రకటన రోజు మీరు వీడియో చూస్తే యంత్రం కంటే డబ్బుల గురించి ఏం చెబుతారో వినండి. సీ అండ్ స్ప్రే కొన్నాక కూడా ఎకరానికి ఇంత అని కట్టాలి. 2030 నాటికి తన ఆదాయంలో 10 శాతం ఇట్లా మళ్లీ మళ్లీ వచ్చే రుసుముల నుంచే రావాలని కంపెనీ లక్ష్యం పెట్టుకుంది. అంటే యంత్రం మన షెడ్డులో ఉంటుంది, తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. రిపేరు సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్ చేతికివ్వక రైతును డీలర్ దగ్గరికే తిప్పుకుంటున్నారని 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కోర్టుకెళ్లింది. కంపెనీ ఆ ఆరోపణ ఒప్పుకోలేదు. తీర్పుల సంగతి పక్కన పెట్టండి, కోత రోజు ట్రాక్టర్ ఆగిపోతే రైతుకి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా. మా గ్రూపులో ఒకాయన నేల తేమ సెన్సార్లు పెట్టించుకున్నాడు. రెండేళ్లకు ఆ స్టార్టప్ వాళ్లు సర్వర్ ఆపేశారు. సెన్సార్లు ఇప్పటికీ చేలో ఉన్నాయి, కాకులు వాలుతుంటాయి.

ఇదంతా చదివి నేను టెక్నాలజీకి వ్యతిరేకిననుకోకండి. అగ్రి డిప్లొమాలో నాకు ఇష్టమైన పేపరే యంత్రాలది. మా గానుగ యూనిట్ మోటారు మీదే నడుస్తుంది. పెద్ద కంపెనీ మా జిల్లాకు పనికొచ్చేది తెచ్చిన సందర్భం కూడా ఉంది. 2016 ఖరీఫ్‌లో మైక్రోసాఫ్ట్, ఇక్రిశాట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో ఫోన్‌కు తెలుగులో మెసేజ్ పంపారు. దాని వెనక 30 ఏళ్ల వాతావరణ లెక్కలున్నాయి. తొలి వానకే తొందరపడకుండా ఆగి విత్తినవాళ్లకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని వాళ్లు చెప్పారు. ఆ అంకె గురించి వాదించుకోవచ్చు. కానీ చూడండి, రైతు కొన్నది ఏమీ లేదు. మామూలు ఫోన్ చాలు. ఏ మందూ అక్కర్లేదు. ఇట్లాంటిది ప్రకటిస్తే నేనే ముందు చప్పట్లు కొడతా. ట్రాక్టర్ కంపెనీ దగ్గర అట్లాంటిది ఆశించడం మాత్రం కష్టం, వాళ్లు బతికేది ఇనుము అమ్మి కదా.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. బుడ్డల్లో కలుపంతా విత్తిన 45 రోజుల్లోపే తీయాలి. ఊడలు దిగాక గుంటక తోలితే కాయ పోయినట్టే. మా వైపు కలుపు కూలి మనిషికి 350 రూపాయలు. ఎకరాకు పదిమంది, రెండు తడవలు. 7,000 అక్కడే పోతాయి, అదీ మనుషులు దొరికితే. ఒక్క ఖరీఫ్ ఆగితే మీకయ్యే ఖర్చు అది. జనవరిలో ప్రకటించినా వెంటనే షోరూముకి రాదు. 2022లో చూపించిన ట్రాక్టర్ కూడా ఆ ఏడాది కొద్దిమంది అమెరికా రైతులకే అందింది.

కంది, పత్తి సాళ్లు వెడల్పు ఉన్నవాళ్లు నలుగురు కలిసి ఒక పవర్ వీడర్ కొనుక్కోండి. ఒక్కరే కొంటే ఏడాదిలో పది నెలలు మూలనే ఉంటుంది. బుడ్డలు, కొర్రల్లాంటి దగ్గర సాళ్లకు సైకిల్ వీడర్, ఎద్దులున్నవాళ్లకు దంతె. కొనేముందు ఒక్క పని చేయండి. మీ ఊళ్లో బైకులు బాగుచేసే అబ్బాయిని వెంట తీసుకుపోయి, దీని ఇంజన్ విప్పగలవా, సామాను దొరుకుతుందా అని అడగండి. వాడు తల అడ్డంగా ఊపితే అది ఎంత మంచి కంపెనీదైనా వదిలేయండి.

దంతె, సైకిల్ వీడర్ రెండూ ఒకే చేలో నడిపి గంటకు ఎన్ని సాళ్లు అయ్యాయో లెక్కపెట్టిన వీడియో పైన పెట్టాను. మీ సాళ్ల వెడల్పు, నేల రకం కింద రాయండి. జనవరి ప్రకటన వచ్చాక నా లెక్క ఎంత తప్పిందో కూడా అక్కడే తిడుదురుగాని.